అమ్రోలి నుంచి జోల్వాకు: బావ డాక్టరు ముఖం చూసిన రోజు

సూరత్‌లో మా నివాసం అమ్రోలిలో. సచిన్‌ పారిశ్రామిక ప్రాంతంలోని ఒక రంగుల మిల్లులో నేను స్టోరు ఇన్‌ఛార్జిని. పగలు పనిచేసి, రాత్రి కళాశాలలో చదివి బి.కాం. పట్టా పొందినవాణ్ణి కనుక, బంధువులలో ఎవరికి కాగితాల పని పడినా నాకే ఫోన్ చేస్తారు. 2021 వర్షాకాలంలో, కరోనా రెండో విడత కాస్త నెమ్మదించిన తరువాత, సిరిసిల్ల దగ్గరి మా ఊరి నుంచి అక్క చేసిన ఫోన్ కూడా అటువంటిదే. "తమ్మీ, మీ బావను సేటు ఊరికి పొమ్మంటున్నడట. నువ్వు జర పోయి అర్సుకో" అన్నది.

బావ పేరు కనకయ్య. ముప్పై ఏళ్లుగా సూరత్ దగ్గరి జోల్వాలో సాంచలు నడుపుతున్నాడు. మరమగ్గాలను మా వైపు సాంచలు అంటాము. ఆ వేసవిలో రాత్రి పాళీ ముగిసే వేళ ఆయన సాంచల పక్కనే స్పృహ తప్పి పడిపోయాడు. ఆసుపత్రిలో ఏవో ప్రశ్నలు అడిగి, ఫిట్స్ అని రాసి, మాత్రలు ఇచ్చారు. ఫిట్స్ అని కాగితం మీద పడిన మనిషిని తిరిగే యంత్రం దగ్గర ఏ యజమానీ నిలబెట్టడు. సేటు ఆయనను పగటిపూట బట్ట మడతపెట్టే పనికి మార్చి, నెలాఖరుకు ఊరికి వెళ్లిపొమ్మన్నాడు. యాభై దాటిన వయసులో ఆయనకు వేరే పని ఎవరిస్తారు? దానికి తోడు, కరోనా కాలం మొదలైనప్పటి నుంచి బావ మందకొడిగా తయారయ్యాడని, ఏది అడిగినా తల ఊపడం తప్ప సరైన జవాబు చెప్పడం లేదని ఆయన గదిలోని వాళ్లు అక్కకు చెప్పారు. ఇదీ, ఫిట్సూ ఒకే మెదడు జబ్బు వల్లనని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

నేను ఆలోచించి ఒక ఏర్పాటు చేశాను. కరీంనగర్‌లో ప్రాక్టీసు చేస్తున్న ఒక తెలుగు డాక్టరమ్మ వీడియో కాల్‌లో రోగులను చూస్తున్నారని తెలిసి, ఆదివారం పదకొండు గంటలకు సమయం తీసుకున్నాను. ఫీజు మూడు వందల యాభై, ఫోన్‌లోనే చెల్లించాను. బావ గదిలోని కుర్రవాడి ద్వారా ఆసుపత్రి కాగితాల ఫొటోలు తెప్పించుకొని, వరుస క్రమంలో పెట్టి ముందురోజే ఆమెకు పంపాను. బావ దగ్గర ఉన్నది బటన్ల ఫోన్ కనుక నా ఫోన్ తీసుకొని నేనే వెళ్లక తప్పలేదు.

ఇదే దారిలో వెళ్లవలసినవారి కోసం వివరంగా రాస్తున్నాను. అమ్రోలి నుంచి సూరత్ స్టేషన్‌కు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. ఏడున్నరకు బయలుదేరితే తాపీ వంతెన మీద రద్దీ ఉండదు. స్టేషన్ దగ్గర కడోదరా వెళ్లే ఆటోలు నిండితే గాని కదలవు. ఆ రోజులలో మనిషికి నలభై తీసుకున్నారు. డ్రైవరు అద్దంలోంచి చూసి, "కాకా, మాస్క్ ఊపర్ కరో. చోక్డీ పే పోలీస్ ఖడీ హై" అని, మాస్కు పైకి లాక్కోమని, చోక్డీలో, అంటే కూడలిలో, పోలీసులున్నారని హెచ్చరించాడు. నా మాస్కు ముక్కు మీదే ఉన్నదని హిందీలో స్పష్టంగా చెప్పాను. "ఆప్ కో కౌన్ బోలా? ఆప్ కే బాజూవాలే కో బోలా" అన్నాడు. నా పక్కన నిద్రపోతున్న పెద్దమనిషి మాస్కు గడ్డం కింద ఉంది. కడోదరా కూడలిలో దిగి, బార్డోలి వైపు వెళ్లే ఆటో పట్టుకుంటే పదిహేను రూపాయలకు జోల్వా మలుపు. అక్కడి నుంచి నడకే. దారి అడగవలసిన పని లేదు. సాంచల చప్పుడు ఎటు పెరుగుతుంటే అటు నడవాలి. ఆదివారమైనా చాలా షెడ్లు నడుస్తూనే ఉన్నాయి.

తొమ్మిదిన్నరకు చేరి, మా వైపు కార్మికులు తినే మెస్సులో ఆగాను. దానిని నడిపే రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అన్నం వడ్డించింది. పూటకు యాభై రూపాయలు. పప్పుచారు, వంకాయ కూర శుభ్రంగా ఉన్నాయి. నేను వచ్చిన పని చెబితే ఆమె నవ్వింది.

"ఫోన్ల నుంచి డాక్టరు నాడి పడతడా సారూ?"

"నాడి పట్టకపోయినా ప్రశ్నలు అడిగి తెలుసుకోవచ్చు" అన్నాను.

"అడిగితే చెప్పేటోడు ఉండాలె గదా. కూర ఎట్లున్నదే అంటే తల ఊపుతడు. ఉప్పు ఎక్కువైందా అంటే గూడ తల ఊపుతడు. మెస్సు పైసలు తే అంటే గూడ ఊపుతడు గని తేడు."

బావ గది రేకుల కప్పు కింద ఉంది. అక్కడ సిగ్నల్ అందలేదు. పక్క భవనం యజమానిని అడిగి, బావను వెంటబెట్టుకొని మేడ మీదికి వెళ్లాను. నీళ్ల ట్యాంకు నీడలో, నూలు కోన్లు వచ్చే అట్టపెట్టెకు ఫోన్‌ను ఆనించి నిలబెట్టాను. ఇద్దరమూ మాస్కులు సవరించుకున్నాము. "బావా, డాక్టరమ్మ అడిగింది నేను నీకు చెప్త, నువ్వు చెప్పింది ఆమెకు చెప్త" అన్నాను. ఆయన తల ఊపాడు.

పదకొండు దాటిన కాసేపటికి డాక్టరమ్మ తెర మీదికి వచ్చారు. నలభై ఏళ్లు ఉండవచ్చు. తన గదిలో ఒంటరిగా కూర్చున్నారు కనుక మాస్కు లేదు. నేను నమస్కరించి, రోగి పేరు, వయసు, చక్కెర వ్యాధి ఎప్పటి నుంచి ఉన్నదీ, పడిపోయిన వివరాలూ క్రమంగా చెప్పడం ప్రారంభించాను. ఆమె ఓపికగా విని, "కనకయ్య గారూ, ఆ రోజు పడిపోయే ముందు మీకు ఎట్లా అనిపించింది?" అని అడిగారు.

ఆ ప్రశ్నను బావ చెవిలో గట్టిగా చెప్పడానికి వంగాను. ఆయన నన్ను మోచేతితో పక్కకు జరిపి ఫోన్ ముందుకు వెళ్లాడు.

"చెమటలు పట్టినయమ్మా. చేతులు గజగజ వణికినయి. కండ్లు బైర్లు కమ్మి పడ్డ" అన్నాడు.

ఏడాదిన్నరలో ఆయన నోటి నుంచి అంత పెద్ద జవాబు నేను వినలేదు.

"నాలుక కొరుక్కున్నారా? బట్టలు తడిశాయా?"

"లేదమ్మా. ఏం కాలే."

నేను కల్పించుకొని, రెండూ జరిగినట్లు ఆసుపత్రి కాగితంలో రాసి ఉన్నదని డాక్టరమ్మకు గుర్తుచేశాను.

"అమ్మా, మా బామ్మర్ది డిగ్రీ చదివిండు. నన్ను మాట్లాడనియ్యడు" అన్నాడు బావ. తరువాత నా వైపు తిరిగి, "ఆడ ఏం అడిగిండ్రో నాకేం ఎరుక? మూతికి గుడ్డ కట్టుకొని అడిగితె నేనేం చూడాలె?" అన్నాడు.

"చూడటమా?" అన్నారు డాక్టరమ్మ.

"సాంచలకాడ చెవులతోని ఏం వినపడదమ్మా. పక్కోడు మాట్లాడితె మూతి చూసి పట్టుకుంటం. ముప్పై ఏండ్లసంది గదే అలవాటు. బయట గూడ గట్లనే నడిచింది. అందరు మాస్కులు పెట్టినంక ఏం దెలుస్తలేదు."

డాక్టరమ్మ బల్ల మీది ఫైలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. "కనకయ్య గారూ, ఒకసారి లేచి నిలబడండి" అన్నారు. ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. బావ ఎంతో మర్యాదగా తల ఊపి, "సరేనమ్మా" అని, కూర్చున్న చోటు నుంచి కదలలేదు. ఆమె ఫైలు దించి అదే మాట మళ్లీ అన్నారు. ఆయన వెంటనే లేచి నిలబడ్డాడు.

ఆయన ఇన్నాళ్లూ ఎన్ని ప్రశ్నలకు అలా తల ఊపి ఉంటాడో అప్పుడు నాకు అర్థమైంది. "చెవులు వినపడుతలెవ్వని ఎందుకు చెప్పలే బావా?" అని అడిగాను. ఆయనకు అర్థం కాలేదు. మేడ మీద మేమిద్దరమే కనుక కొంచెం దూరం జరిగి, మాస్కు దించి మళ్లీ అడిగాను.

"చెవిటోడంటే సేటు సాంచ ఇస్తడా?" అన్నాడు.

అప్పటి నుంచి నేను వెనక కూర్చున్నాను. మధ్యలో నెట్‌వర్కు నిలిచి, డాక్టరమ్మ బొమ్మ నోరు తెరిచినట్లే ఆగిపోయింది. "గిప్పుడు ఆమె ఆ అంటున్నదా, ఈ అంటున్నదా బామ్మర్దీ?" అని అడిగాడు బావ. ఫోన్‌ను మేడ రెండో మూలకు మారిస్తే గాని బొమ్మ కదలలేదు. ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్నలలో ఒకటి అసలు విషయాన్ని బయటపెట్టింది. చక్కెర మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి అన్నం తింటారని అడిగారు.

"తిండికి ముందట వేసుకోమన్నరు. రాత్ పాళీ దిగంగనే వేసుకుంటుంటి. కరోనా వచ్చినంక మెస్సుల గుంపు కావద్దని పగటి పాళీవాళ్లకు ముందు పెడుతున్నరు. మాకు పెట్టేసరికి ఆలస్యమయితుండె."

"ఆ రోజు?"

"ఆ రోజు పాళీ దిగకముందే వేసుకున్న. ముందటి రాత్రి గూడ సరిగ తినలే."

మడత పనికి మారి వేళకు తింటున్నప్పటి నుంచి ఆయన మళ్లీ పడిపోలేదు. అది ఫిట్స్ మాత్రల వల్ల కావచ్చునని, అసలు ఫిట్సే కాకపోవచ్చునని, మాత్ర తరువాత ఆహారం అందక రక్తంలో చక్కెర పడిపోయి ఉండే అవకాశమే తనకు ఎక్కువగా కనిపిస్తున్నదని డాక్టరమ్మ చెప్పారు. అయితే చూడకుండా తేల్చనన్నారు. ఫిట్స్ మాత్రలు సొంతంగా ఆపవద్దని, చక్కెర మాత్రను అన్నం ముందు పెట్టుకొన్నాకే వేసుకోవాలని, నరాల డాక్టరు నేరుగా చూసి పరీక్షలు చేసి నిర్ణయించాలని స్పష్టంగా చెప్పారు. సూరత్ ఆసుపత్రికి చూపించడానికి ఇంగ్లీషులో ఒక లేఖ పంపుతానన్నారు.

ముగించే ముందు ఆమె నాతో అన్న మాట నాకు ఇంకా గుర్తున్నది. "వార్డులో రోజంతా నేనూ మాస్కులోనే ఉంటాను, రోగులూ మాస్కులోనే ఉంటారు. కళ్లు మాత్రమే చూసి మందులు రాస్తున్నాను. ఈ తెర మీదనే మనుషుల ముఖాలు చూస్తున్నాను."

లేఖ పావుగంటలో నా ఫోన్‌కు వచ్చింది. రోగి పెదవులు చూసి మాట గ్రహిస్తాడని, మాస్కుతో అడిగిన ప్రశ్నలకు ఆయన ఇచ్చిన జవాబులను లెక్కలోకి తీసుకోవద్దని మొదటి వాక్యంలోనే రాశారు. దానిని తీసుకొని నేరుగా సేటు దగ్గరికి వెళ్లాము. ఆయన అద్దాల క్యాబిన్‌లో ఉన్నారు. విషయం వివరించి, అద్దం వెనక ఉన్నారు కనుక దయచేసి మాస్కు దించి మాట్లాడమని కోరాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, దించారు.

"కనకయ్యా, సచ్ బోల్. ఫిట్ ఆతీ హై క్యా?" నిజం చెప్పు, ఫిట్స్ వస్తాయా అని ఆయన అడిగారు.

"నహీ సేఠ్. షుగర్ కీ గోలీ ఖాయా, ఖానా నహీ ఖాయా. ఇస్ లియే గిరా" అన్నాడు బావ, మాత్ర వేసుకొని అన్నం తినకపోవడం వల్లనే పడ్డానని, సూటిగా.

సేటు లేఖను రెండుసార్లు చదివారు. పెద్దాసుపత్రి కాగితం వచ్చేవరకు సాంచల దగ్గరికి పంపనని, అంతవరకు మడత పనిలో ఉండవచ్చునని, ఊరికి వెళ్లనవసరం లేదని అన్నారు. జాగ్రత్తపరుడైన యజమాని అంతకన్నా ఎక్కువ చేయలేడు. చేయమని నేను అడగలేదు కూడా.

తరువాతి వారం ఆసుపత్రిలో నరాల డాక్టరు ఆ లేఖ చూసి, తన ఫోన్‌లో హిందీలో మాట్లాడుతూ, తెలుగులోకి మారి తెర మీద అక్షరాలుగా వచ్చిన ప్రశ్నలను బావకు చూపించారు. మెదడు పరీక్ష కూడా చేశారు. ఫిట్స్ అన్న మాటను కొట్టివేసి, ఆ మాత్రలను క్రమంగా తగ్గించి ఆపించారు. ఆ కాగితం చూశాక సేటు, చెవుల సంగతి తెలిసినా, అడ్డు చెప్పలేదు. బావ ఇప్పుడు పగటి పాళీలో తన సాంచల దగ్గరే ఉన్నాడు.

ఫోన్‌లో వైద్యమంటే అసలు వైద్యానికి తక్కువరకమని నేను కూడా భావించేవాణ్ణి. దూరం తగ్గుతుంది, ఆటో ఖర్చు మిగులుతుంది, అంతకు మించి ఏమీ ఉండదనుకున్నాను. కాని ఎదురుగా నిలబడిన డాక్టరుకు, రోగికి మధ్య గుడ్డ అడ్డంపడిన కాలంలో, రాష్ట్రాలు దాటి ఉన్న డాక్టరు ముఖం అరచేతి తెర మీద పూర్తిగా కనిపించింది. అందువల్ల ఒక మనిషి తన రోగం గురించి తానే చెప్పుకోగలిగాడు. చేతితో ముట్టి చేయవలసిన పరీక్షను తెర చేయలేదు, డాక్టరమ్మ కూడా చేసినట్లు నటించలేదు. ఏ పని ఎక్కడ జరగాలో తెలిసినవారి చేతిలో ఈ సాధనం వైద్యానికి నిజమైన బలమని నేను నమ్మకంగా చెప్పగలను.

మీ వాళ్లకు వీడియో వైద్యం చేయించడానికి వెళ్లేవారు పాటించవలసినది ఒక్కటి. డాక్టరు ముఖం నిండుగా కనిపించేలా వెలుతురులో కూర్చోమని ముందే కోరండి. ఆ తరువాత ఫోన్‌ను రోగి చేతికి ఇచ్చి, మీరు ఎంత చదువుకున్నవారైనా సరే, వెనక కూర్చోండి.