చదునుపక్క కిందికి

మా ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది, అదీ పైపుల విషయంలోనే. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోతే కిమ్మనడు. ఆవిరి లైనుకి నీళ్ల కుళాయికి వాడే ఎల్బో, అదే మలుపు ముక్క, తెచ్చారని మాత్రం స్టోరు గుమాస్తాతో కొట్లాడి, దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేశాడు. రెండు పైపుల అంచులు కలిపి బిగించే ఫ్లాంజీల మధ్య, ఆవిరి కారకుండా పెట్టే గ్యాస్కెట్ నాసిరకంది కనిపించిందా, పెట్టినవాడి ఏడు తరాలూ కదిలిపోవాల్సిందే. స్టీము ఫిట్టరు కదా, ఎప్పుడు బుస్సుమంటాడో తెలియదని పనిచోట అందరూ సేఫ్టీ వాల్వు అని పేరు పెట్టారు. ఇంటికొచ్చాక ఆ తిట్ల రెండో విడత నాకు. అన్నం వడ్డిస్తూ, వద్దన్నా చెవిన పడుతూ, పైపుల పని సగం నేర్చేసుకున్నాను.

నేనూ ఆయన పనిచేసే ఆస్పత్రిలోనే, లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలరు దగ్గర పనిచేస్తాను. రోలరు వేడెక్కేది ఆవిరితోనే. బాయిలరు రూము నుంచి వచ్చే పైపు నా నెత్తిమీదుగా పోయి, అక్కడే మలుపు తిరుగుతుంది.

ఇంత నోరున్న మనిషికీ నోరు పడిపోయే చోటు ఒకటుంది, అన్నయ్య ముందు. ఈయన చిన్నతనంలోనే మా మామగారు పోతే, తమ్ముడి చేతికి రెంచి ఇచ్చి పని నేర్పింది బావగారే. ఆయన బతుకంతా నీళ్ల పంపుహౌసులో గడిచింది. రిటైరై ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నారని, లాండ్రీకి కొత్త ఆవిరి లైను వేసేటప్పుడు మా ఆయనే పట్టుబట్టి పనికి పిలిపించాడు. నేనూ సంతోషించాను.

ఆ లైను మొదలైన కొన్నాళ్లకే పైపు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే వాల్వు తెరవగానే లోపల ఎవరో సుత్తి పుచ్చుకుని బాదుతున్నట్టు ధన్ ధన్‌మని చప్పుడు. పైపుని మోసే ఇనపకొక్కేలు ఊగేవి. సున్నం పెళ్లలు ఉతికిన దుప్పట్ల మీద రాలేవి. కొత్త పైపు కదా, సర్దుకుంటుందిలే అంది మా సూపర్‌వైజరమ్మ. మా ఆయన్ని పిలిపించాను. పైపు వెంటే నడిచి, అది సన్నబడే చోట ఆగి, పైన చుట్టిన రేకు మీద అరచెయ్యి వేసి విన్నాడు. ఒక్క తిట్టు కూడా తిట్టకుండా వెళ్లిపోయాడు. అప్పుడే నాకు భయం వేసింది.

ఇంటికొచ్చాక నిలదీస్తే చెప్పేశాడు. అబద్ధమాడటం మా ఆయనకి చేతకాదు. పెద్ద పైపుని చిన్న పైపుకి కలిపే రెడ్యూసర్‌కి ఒక పక్క చదునుగా, ఒక పక్క వాలుగా ఉంటుంది. పంపుహౌసులో అయితే గాలి చిక్కుకోకుండా చదునుపక్క పైకి పెడతారు. ఆవిరి లైనులో కిందికి పెట్టాలి, లేకపోతే వాలుపక్క కిందికొచ్చి, ఆవిరి చల్లారి నీరై ఆ పల్లంలో నిలిచిపోతుంది. వెనక నుంచి వచ్చే ఆవిరి ఆ నీళ్లని ఎత్తి ముందున్న మలుపుకేసి కొడుతుంది. బావగారు చేతి అలవాటున చదునుపక్క పైకి పెట్టేశారు. మలుపు సరిగ్గా నా రోలరు పైన ఉంది.

మరి చెప్పి మార్పించరేం అన్నాను. అన్నయ్య వేసిన లైను కదా అన్నాడు. వాల్వు నిదానంగా తిప్పమని బాయిలరు మనిషికి చెప్పాడట, ఏం కాదట. నాకు ఒళ్లు మండిపోయింది. పరాయివాడు చేస్తే ఊరూ వాడా ఏకం చేసే మనిషి, అన్నగారు చేస్తే పెళ్లాన్ని ఆ మలుపు కింద నిలబెట్టి ఊరుకుంటాడా?

సెలవు రోజున బావగారు భోజనానికి వచ్చారు. ఇద్దరికీ వడ్డించాను. ఇక ఆగలేకపోయాను.

“బావగారూ, లాండ్రీ లైనులో రెడ్యూసర్ చదునుపక్క ఎటు పెట్టారు?”

“పైకేనమ్మా. ఎప్పుడూ పైకే...”

ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. తమ్ముడి వంక చూశారు.

“నీకు తెలుసా?”

మా ఆయన కంచంలోకి చూస్తూ తలూపాడు.

“తెలిసి నాకు చెప్పలేదా? దాని కింద నిలబడేది ఎవర్రా?”

బావగారు ఎంగిలి చెయ్యి కడుక్కుని లేచారు, తమ్ముణ్ణీ లేపారు. లాండ్రీ మూసే ఉంది కాబట్టి ఆ పూటే ఆవిరి ఆపించి, రేకు విప్పి, ముక్క కోసి, సరిగ్గా తిప్పి వెల్డింగు చేశారు. కోసిన చోట నుంచి తుప్పునీళ్లు బకెట్లకొద్దీ కారాయని బాయిలరు మనిషి చెప్పాడు. పని అయ్యేదాకా బావగారు తమ్ముణ్ణి చెడామడా తిడుతూనే ఉన్నారట. సేఫ్టీ వాల్వు కిక్కురుమనలేదట.

మర్నాడు పైపు నోరు మూసుకుంది. సాయంత్రం మా ఆయన హుషారుగా ఇంటికొచ్చి, ఎవడో తెచ్చిన పుచ్చు వాల్వుని తిట్టడం మొదలుపెట్టాడు. అంతా తీరిపోయిందనుకున్నాడు. టీ గ్లాసు ముందు పెట్టి అడిగాను.

“ఆ మలుపు పగిలి నేను పోయుంటే, మీ అన్నయ్య తప్పని చెప్పేవారా?”

టక్కున అవునంటాడనుకున్నాను. గ్లాసు పట్టుకుని ఆలోచించాడు.

“గ్యాస్కెట్ నాసిరకమని చెప్పేవాణ్ణి.”

చెప్పాను కదా, అబద్ధమాడటం ఆయనకి చేతకాదు. ఇప్పుడు అన్నం వడ్డించేసి నేను అవతలి గదిలోకి వెళ్లిపోతున్నాను. పైపుల సంగతులన్నీ గోడకి చెప్పుకుంటున్నాడు.