ఈడ ఏముండాదప్పా?

మా శిక్షణ బృందంలో ఒక అన్నకు చూపు లేదు. అయినా నా స్లైడ్లలో తప్పులు ఆయనకు దొరికినట్టు ఇంకెవరికీ దొరికేవి కావు.

రెండువేల దశకం తొలినాళ్ల మాట. చూపులేనివాళ్లకూ అందేలా కంప్యూటర్లో పత్రాలు ఎలా తయారు చేయాలో అనంతపురం చుట్టుపక్కల ఉద్యోగులకు నేర్పేవాళ్లం. స్లైడ్లు నేను చేసేవాణ్ణి. కంప్యూటరు వాటిని పైకి చదువుతుంటే ఆయన వినేవాడు. బొమ్మకు వివరణ రాయకపోతే కంప్యూటరు "గ్రాఫిక్" అని మాత్రం పలికి ఊరుకునేది. వెంటనే ఆయన వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు.

"ఈడ ఏముండాదప్పా?"

"ఏం లేదన్నా, ఊరికే అందానికి పెట్టినా."

"ఎవురి అందానికి?"

నాకు ఒళ్లు మండేది.

ఒకసారి శిక్షణ కోసం బత్తలపల్లికి బస్సులో వెళుతున్నాం. దారిలో ఎక్కడో బస్సు ఆగింది. ఆయన ముందు సీటు కమ్మీ మీద రెండుసార్లు కొట్టాడు. "ఈడ ఏముండాదప్పా?"

కిటికీలోంచి చూసి, "ఏం లేదన్నా, బీడు," అన్నాను.

బస్సు కదిలాక తీరిగ్గా నవ్వాడు. "అది మా ఊరప్పా. మా నాయన గొర్రెలు మేపింది ఆ బీట్లోనే."

వెనక్కి తిరిగి చూశాను. దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బస్సు మళ్లీ అక్కడే ఆగింది. ఆయన కమ్మీ మీద కొట్టకముందే మొదలుపెట్టాను. "రెండు చింతచెట్లుండాయన్నా. ఒకటి బాగా వంగింది."

"ఆ వంగినదాని మీద నుంచే చిన్నప్పుడు నేను కిందపడింది. ఊఁ, ఇంకా చెప్పు."