చెరపనివ్వని గొంతులు

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి రంపం అనేవాళ్లు. చాటుగా కాదు, మొహం మీదే. వాదనకి దిగిందంటే అవతలివాళ్ల మాట రెండు ముక్కలయ్యేదాకా వదలదని ఆ పేరు పెట్టారు. "తుప్పు పట్టిన రంపం అనలేదు, అదే పదివేలు," అని నవ్వేసేది.

ఆవిడ పనిచేసేది గొంతు జబ్బుల ఆసుపత్రిలో. స్వరపేటిక తీసెయ్యాల్సిన రోగుల చేత ఆపరేషన్‌కి ముందే గంటల తరబడి మాట్లాడించి రికార్డు చేస్తారు. ఆ మాటల్లోంచే చేతిలో ఇమిడే చిన్న పరికరానికి వాళ్ల గొంతు తయారుచేస్తారు. టైపు చేస్తే అది అచ్చం వాళ్లలాగే పలుకుతుంది. ఆ రికార్డులు దాచే కంప్యూటర్లన్నీ రంపం అజమాయిషీలో ఉండేవి.

"పెట్టె చెడిపోతే అన్నీ పోతాయి కదే?" అని అత్తగారు ఓసారి అడిగింది.

"ఒక్క పెట్టెలోనే పెట్టం అత్తయ్యా. ఒక్కో రికార్డునీ ముక్కలుచేసి ఆరు మిషన్లలో తలో ముక్కా దాస్తాం. ఏ రెండు పోయినా మిగతా నాలుగింటితో లెక్కగట్టి మొత్తం రాబట్టొచ్చు."

"మరైతే నీకు జీతమెందుకిస్తున్నట్టు?"

ఎందుకిస్తున్నారో ఒక దర్జీ ఆవిడ వచ్చాక తెలిసింది. ఆవిడ పరికరం పాడైపోతే కొత్తది చేయించుకోడానికి వచ్చింది. పాత రికార్డు తెరిస్తే, ప్రతి నాలుగు మాటలకీ లారీలోంచి కంకర దింపుతున్నట్టు ఒకటే గరగర. ఇంకో రోగిది తెరిచారు, అదీ అంతే. తవ్వగా తేలిందేమిటంటే, ఆరు మిషన్లలో ఒకదాని మెమరీ చెడిపోయింది. చెడింది చెడ్డట్టు ఊరుకోలేదు. మిగతా మిషన్లలోని ముక్కల్ని కూడా బాగుచేస్తున్నాననుకుంటూ తప్పుగా తిరగరాసింది. పైగా ప్రతిదాని మీదా "సరిగ్గా ఉంది" అని ముద్ర కొట్టింది. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

ఆసుపత్రి పెద్దసారు రంపాన్ని గదికి పిలిపించి కాగితం ముందుకు తోశాడు.

"మిషన్లమ్మిన కంపెనీవాళ్లు చేతులెత్తేశారు మేడం. మొత్తం చెరిపేసి కొత్తగా మొదలుపెడదాం. సోమవారం నుంచి కొత్త రోగులొస్తున్నారు. ఇక్కడ సంతకం పెట్టండి."

"పెట్టను సార్."

"ఏ ముక్క మంచిదో, ఏది చెడ్డదో ఆ మిషన్‌కే తెలీదు. మీకెలా తెలుస్తుంది?"

"దానికి చెవుల్లేవు. నాకున్నాయి."

"ఇది ఆర్డరనుకోండి."

"అయితే నా సీట్లో ఇంకొకర్ని కూర్చోబెట్టి చెరిపించండి. ఎవరు చెరిపారో ప్రతి రోగికీ నేనే వెళ్లి చెప్తాను. అడగడానికి వాళ్లకి నోరు లేదనేగా మీ ధైర్యం?"

పెద్దసారు ఎర్రబడ్డాడు. రంపం అక్కణ్ణుంచి నేరుగా మిషన్ల గదిలోకి వెళ్లి, చెడిన మిషన్ తీగలు పీకేసింది. మిగతావాటిలో ఒక్క అక్షరం కూడా మారకుండా తాళం వేసింది. శిక్షణ గదిలో దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటర్లు లాక్కొచ్చి, కొత్త రోగుల కోసం వాటిని సిద్ధం చేసింది. ఆ సాకు కూడా లేకుండా పోయింది పాపం, పెద్దసారుకి.

ఇంట్లో సంగతంతా విని అత్తగారు కొంగు బిగించింది. "ఆయన్ని ఓసారి ఇంటికి పిలువు. నేను మాట్లాడతా."

"వద్దత్తయ్యా. ఆయన గొంతు కూడా పోతుంది."

పని మొదలైంది. ఒక రికార్డు తీసుకోవడం, ఒక ముక్కని పక్కనపెట్టి మిగతావాటితో కూర్చడం, వినడం. గరగరమంటే దాన్ని చేర్చి ఇంకోదాన్ని తీసెయ్యడం. తర్వాత రెండేసి తీసి చూడడం. ముద్రలు ఏం చెప్పినా రంపం నమ్మదల్చుకోలేదు. దర్జీ ఆవిడ రోజూ వచ్చి పక్కన కూర్చునేది. మెడకి కట్టుకున్న గుడ్డ సర్దుకుంటూ కళ్లు మూసుకుని వినేది. శబ్దం చెడినప్పుడల్లా వేలెత్తేది. రంపం ఇంకో కూర్పు వేసేది.

ఒక మధ్యాహ్నం స్పీకర్లోంచి ఖంగుమని వచ్చింది. "నడుం కొలత నేను తగ్గించి రాయనమ్మా. కావాలంటే నువ్వే తగ్గి రా!"

దర్జీ ఆవిడ వేలు లేవలేదు. భుజాలు మాత్రం ఊగిపోయాయి. శబ్దం లేని నవ్వు అది, కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. రంపం కూడా ఆగలేకపోయింది. మళ్లీ మళ్లీ అదే వాక్యం పెట్టుకుని విన్నారు ఇద్దరూ.

దారి దొరికాక, మాటకీ గరగరకీ తేడా పట్టే చిన్న ప్రోగ్రాం రాసింది రంపం. అది అన్ని రికార్డుల మీదా రకరకాల కూర్పులు వేసి చూసింది. చాలా గొంతులు వచ్చేశాయి. మూడు ముక్కలు చెడిన కొన్ని మాత్రం ఎంత కిందామీదా పడినా రాలేదు.

పెద్దసారు ఈసారి తనే వచ్చాడు, మొహం నిండా నవ్వుతో. "అన్నీ దొరికాయని ప్రకటన ఇచ్చేద్దాం."

"అన్నీ దొరకలేదు సార్."

"ఆ కొద్దిమందీ అడిగినప్పుడు చూసుకుందాం లెండి."

"వాళ్లు అడగరు. నేనే చెప్తాను."

సెలవు పెట్టి మరీ బయల్దేరింది. మొదట వెళ్లింది ఒక బస్సు కండక్టరు ఇంటికి. ఆయన గుమ్మంలోనే నిలబడి, సంగతి విన్నాక పలక మీద రాశాడు: "తప్పెవరిది?"

"మాది," అంది రంపం. "మీ గొంతు మా దగ్గర పోయింది."

ఆయన తలుపు వేసేయబోయాడు. రంపం గడప దగ్గర్నుంచి కదల్లేదు.

"ఆసుపత్రిలో పోతే పోయింది. ప్రపంచంలో పోలేదు కదండీ. పెళ్లి వీడియోలు, మీ అమ్మాయి ఫోన్లో మీరు పెట్టిన కేకలు, తోటివాళ్లకి పంపిన మెసేజీలు, ఏవున్నా ఇవ్వండి. అతుకుల గొంతైనా సరే, మీదే అయ్యేలా చేస్తాను."

"మీవాళ్లు ఒప్పుకుంటారా?" అని రాశాడాయన.

"ఒప్పుకోరు. మీరివ్వండి."

కండక్టరు ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. తర్వాత లోపలికి తిరిగి, కూతురి కోసం తలుపు మీద గట్టిగా కొట్టాడు.