ఆరో క్యాసెట్

మొన్న మా ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతూ ఒక పాత క్యాసెట్ తీసి టేప్‌రికార్డర్‌లో వేసింది. ముందు సర్రుమనే చప్పుడు, ఆ వెనకే ముప్పయ్యేళ్ల కిందటి నా గొంతు: "మేస్త్రీనైన! ఇగ నా కింద పదిమంది!" సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గొప్పలు దేన్ని చెరిపి చెప్పుకున్నవో నాకొక్కడికే తెలుసు.

తొంభైల మొదట్లో గల్ఫులో, ఇబ్రి అనే ఊళ్లో మా కంపెనీ స్టోర్ చూసేవాడు కడప ఖాదర్ భాయ్. జగిత్యాల నుంచి కూలికి వెళ్లిన నాకు సిమెంటు బస్తాల మీద కూర్చోబెట్టి ఇంగ్లిష్ అక్షరాలు నేర్పింది ఆయనే. శుక్రవారం భోజనాలయ్యాక, ఇంజనీరు దగ్గర అడిగి తెచ్చుకున్న ఒక బ్రెజిల్ నవల ఒళ్లో పెట్టుకుని, తెలుగులో చెబుతూ రికార్డు చేసేవాడు. ఊళ్లో తెలుగు బడికి పోయే కూతురు షాహీన్‌కు కథంతా వినిపిస్తానని మాటిచ్చాడు. రూమ్‌లో మేమంతా వినేవాళ్లం.

కాఫీ తోటలో బానిసగా పుట్టి విడుదలైన ఒక మనిషి కథ అది. దొరల కాలం పోతుంది, ఓడల్లో కొత్త కూలీలు దిగుతారు, ఈ దేశపువాళ్లమంటే ఎవరమని అందరూ తగువులాడుకుంటారు. తోట పెంచినవాడికి మాత్రం అడుగు నేల ఇవ్వరు. నాకు ఒళ్లు మండేది.

"గిదేం అన్యాలం భాయ్! చెట్లు పెట్టినోనిది గాదా నేల?"

"మనం కట్టిన బిల్డింగు మనదా అబ్బీ?" అని నవ్వాడాయన. "తొందరపడాకు. కడదాకా ఇను."

ముగింపు చెప్పిన శుక్రవారం నాకు డ్యూటీ పడింది. ఆయన ఆరో క్యాసెట్ నింపి, ఎవరూ చెరపకుండా అంచున ప్లాస్టిక్ ముక్క విరిచి దాచాడు. మర్నాడే నాకు మేస్త్రీ పని ఇచ్చారు. ఊరికి పోయే మనిషి గంటలో బయలుదేరుతున్నాడు, మా ఆవిడకు మాటలు నింపి పంపుదామంటే ఖాళీ క్యాసెట్ లేదు. విరిచినదాన్ని ముట్టుకోకూడదని రూమ్‌లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ కంతలో కాగితం కుక్కి, నా గొప్పలు నింపి పంపేశాను.

ఖాదర్ భాయ్ వారం వెతికాడు. "ముసిలోన్నైతి అబ్బీ, యాడ పెట్టినానో మతికి రాలే" అని తననే తిట్టుకున్నాడు. నేనూ ఆయనతోపాటు మంచాల కింద వెతికాను! ఇంతకంటే నీచం ఉంటుందా? పుస్తకం సెలవు మీద పోయిన ఇంజనీరుతో వెళ్లిపోయింది. పుస్తకం వచ్చాక మళ్లీ చెబుతానని కూతురికి జాబు రాశాడు. ఇంజనీరు రాకముందే ఖాదర్ భాయ్ స్టోర్‌లోనే గుండె ఆగి పోయాడు. ఆయన పెట్టెలో ఐదు క్యాసెట్లే కడపకు వెళ్లాయి.

మొన్న నా గొంతు అయిపోగానే టేపు ఆపబోయాను.

"ఉండుండు," అంది మా ఆవిడ. "ఎనుక ఇంకెవరో మాట్లాడ్తడు. అప్పుడు ఎవరని అడిగితె పాత క్యాసెట్ అన్నవు గద."

"...అంతేనమ్మా షాహీనా. ఆ మనిషికి నేల దక్కిందో లేదో పుస్తకంలో చెప్పలే. నీకేమనిపిస్తాదో జాబు రాయి. అబ్బా ఎదురుచూస్తాంటాడు."

ఆయన నేర్పిన అక్షరాలతోనే, క్యాసెట్ పెట్టిన కవరు మీద షాహీన్ పేరు రాశాను. కింద కడప అని రాశాను. ఆ పైన చిరునామాలో రాయడానికి నాకేమీ తెలియదు.