ఎడమకాలికి పని లేని బండి

గోదావరిఖనికి ఆ పికప్ వచ్చిన రోజు నేను మొదటి షిఫ్టు దిగి, ఒంటి మీది బొగ్గు కూడా కడుక్కోకుండా వర్క్‌షాపుకు పరుగెత్తాను. డెబ్బైల మొదట్లో మాట. పై దేశం నుంచి ఏదో పెద్ద యంత్రం దిగింది. దాని సామాను మోయడానికి దాని వెంటే ఈ బండి కూడా వచ్చింది. యంత్రం వైపు ఎవరూ చూడడం లేదు. అందరూ బండి తలుపు తీసి, లోపలికి వంగి, క్లచ్చు పెడల్ కోసం వెతుకుతున్నారు.

"రెండే ఉన్నయేందిరా? మూడోది ఎవడో ఎత్తుకపోయిండు," అన్నాడొక ఫిట్టరు. "రామగుండం స్టేషన్ల సూడుర్రి, ఆడనే పడిపోయిందేమో."

అందరం నవ్వాం గానీ నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. అప్పటిదాకా నాకు తెలిసిన జీపులైనా లారీలైనా, క్లచ్చు తొక్కి గేరు వేస్తేనే కదిలేవి. తన గేరు తనే మార్చుకునే బండి ఒకటుందని ఎవరైనా చెబితే, తాగొచ్చాడనుకునేవాణ్ని. పైగా దీని స్టీరింగు ఎడమ పక్కనుంది. స్టీరింగు కింద సన్నటి రాడ్డు, దాని పక్కన చిన్న అద్దం కింద అయిదు ఇంగ్లీషు అక్షరాలు. తెచ్చినాయన ఒక అక్షరం మీదికి రాడ్డు లాగి బండి నడిపి చూపించాడు, తాళం ఇచ్చి వెళ్లిపోయాడు.

నా సంగతి చెప్పాలి. నేను డ్రైవర్ని. కానీ చేస్తున్నది బాయి పని, అంటే బొగ్గుగనిలో పని. పెద్దపల్లిలో ఒక ఉస్తాద్ దగ్గర లారీ నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. "డ్రైవరంటే ఎడమకాలు బిడ్డా. కుడికాలుతోని ఎవడైన ఉరుకుతడు," అనేవాడాయన. ఇంతలో కంపెనీ నౌకరీ వచ్చింది. పర్మినెంటు కదా అని మా అవ్వ పట్టుబట్టి నన్ను బొగ్గుబాయిలో దింపించింది. కూలిన బొగ్గును పారతో తట్టకెత్తి పట్టాల మీది టబ్బులో పోయడమే నా పని. మూడేళ్లు చేశాను. దాచుకోవడమెందుకు, మూడేళ్లూ భయపడ్డాను. తల మీద కప్పు చిటుక్కుమన్నప్పుడల్లా పార వదిలేసి పక్కకు దూకేవాణ్ని. పక్కవాళ్లు బీడీల గురించి మాట్లాడుకుంటూ పని చేసుకునేవాళ్లు. నేను పైకి చూస్తూ చేసేవాణ్ని. వాళ్లకు లేని భయం నాకెందుకుందో ఎవర్నీ అడగలేకపోయాను.

ఆ పికప్‌ను నడిపేవాడు దొరకలేదు. ఉన్న డ్రైవర్లలో ముగ్గురు ఎక్కారు. ముగ్గురిదీ ఒకటే తప్పు. బండి కదలగానే అలవాటుగా ఎడమకాలు లేచి క్లచ్చు అనుకుని గట్టిగా తొక్కేది. అక్కడున్నది అరచేయంత వెడల్పు బ్రేకు. బండి టక్కున ఆగి, వెనక తొట్టిలో నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడేవాళ్లు. ఒకాయన పన్ను ఊడింది. అందరిలోకీ పాత డ్రైవరు, మేమంతా కాక అని పిలిచే పెద్దాయన, అసలు ఎక్కనే లేదు.

"క్లచ్చు లేని బండి నడిపినోడు డ్రైవర్ ఎట్లయితడు? నేను ముట్ట," అని రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

అప్పుడు ఇంజినీరు సారు, బాయి పనివాళ్లలో లైసెన్సు ఉన్నవాడెవడైనా వచ్చి నడపొచ్చన్నాడు. నడిపితే పైన డ్రైవరు పని. నడపలేకపోతే మళ్లీ బాయిలోకే, ఇంకోసారి అడగకూడదు. నేను ఇంటికి పోయి పీట మీద కూర్చుని, పళ్లెం తిప్పుతూ రెండ్రోజులు సాధన చేశాను. పళ్లెం బాగానే తిరిగింది గానీ ఎడమకాలు మాట వినలేదు. తిప్పినప్పుడల్లా లేచి నేలను తొక్కింది.

పరీక్ష రోజు వర్క్‌షాపు మైదానం చుట్టూ జనం. నేను ఎక్కి, చెప్పు విప్పి, ఎడమకాలు మడిచి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. సారు కుడి పక్కన ఎక్కి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంటయ్యా, భోజనానికి కూర్చున్నావా?"

"కాలు ఊకుంటలేదు సార్. అందుకే దాని మీద కూసున్న."

ఇక అక్షరాలంటారా, అవి నాకు కొత్త కాదు. నాకు ఇంగ్లీషు రాదు గానీ, రోజూ మస్టర్ బుక్కులో నా పేరు ఎదుట గుమస్తా రాసేవి ఆ అక్షరాలే. పి అంటే ప్రజెంటు, ఆర్ అంటే రెస్టు, ఎన్ అంటే నైటు షిఫ్టు, డి అంటే డ్యూటీ, ఎల్ అంటే లీవు. వరసగా అవే అయిదూ! కంపెనీ బండి కదా, కంపెనీ లెక్కనే పెట్టి ఉంటారనుకున్నాను. నాకంటే ముందెక్కినవాళ్లకు ఇంత చిన్న విషయం తట్టలేదే అని లోలోపల మురిసిపోయాను.

డ్యూటీలో పెట్టాను. బండి కదిలింది! ఎక్సలేటరు ముట్టుకోకముందే, మెత్తగా, తనంతట తాను. నాకు కేక వేయాలనిపించింది. వేశాను కూడా. మైదానం రెండు చుట్లు తిరిగాను. గేరు ఎప్పుడు మారిందో నాకే తెలియలేదు. ఆ రోజు నన్ను ఆకాశం మీద నడపమన్నా నడిపేవాణ్ని.

"సరే, ఆపు. పక్కన పెట్టు, దిగుదాం," అన్నాడు సారు.

బ్రేకు వేసి ఆపాను. పని అయిపోయింది కాబట్టి రాడ్డును రెస్టులోకి నెట్టి కాలు తీశాను.

బండి వెనక్కి బయలుదేరింది.

సారు అరిచాడు. నా ఎడమకాలు క్లచ్చు కోసం లేవబోయి తొడ కింద ఇరుక్కుంది. కుడికాలు దేన్నో గట్టిగా తొక్కింది, అది ఎక్సలేటరు. బండి వెనక్కి ఉరికింది. ఒక పక్క ఇనుప పైపుల గుట్ట, ఇంకో పక్క ఆఫీసు గోడ, మధ్యలో జనం. జనం ఎటు చెదిరారో చూడలేదు. మెడ తిప్పి, ఒక చేయి సీటు మీద వేసి, పైపులకూ గోడకూ మధ్య సందులోంచి బండిని వెనక్కే లాక్కుపోయాను. మిల్లు గేట్లలోకి లోడు లారీని వెనక్కి పెట్టించి పెట్టించి నా మెడలు విరిచిన ఉస్తాద్ పుణ్యం అది. బ్రేకు గుర్తొచ్చేసరికి ఆఫీసు చుట్టూ ఒక చుట్టు అయిపోయింది. ఆపాను. దేనికీ గీత కూడా పడలేదు.

జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. "శభాష్ బావా!" అని మా షిఫ్టువాళ్లు ఈలలు వేశారు. కావాలనే చేశాననుకున్నారు.

సారు ముఖం తుడుచుకుని, "రివర్సు నేను అడగలేదే. ఎందుకు చేశావ్?" అన్నాడు.

పరీక్షలో భాగమనుకున్నానంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. కానీ రేపు వెనక మనుషులను ఎక్కించుకున్నాక మళ్లీ ఇలాగే పోతే? ఎందుకు పోయిందో నాకే తెలియదు కదా.

"నేను చెయ్యలే సార్. రెస్టుల పెట్టిన. అదే ఎనుకకు పోయింది."

"రెస్టా?"

చెప్పాను. అయిదు అక్షరాలూ వేలు పెట్టి చూపించి, మస్టర్ బుక్కు మొత్తం అప్పజెప్పాను. సారు కళ్లజోడు తీసి పడీపడీ నవ్వాడు. జనం నవ్వారు. నేను తల వంచుకున్నాను. మర్నాడు దిగబోయే బాయి నోరు కళ్ల ముందు కనబడింది, ఏడుపొచ్చింది.

ఆ పాత డ్రైవరు కాక ఒక్కడే నవ్వలేదు. ఆయన వచ్చి బండి తలుపు మీద చేయి వేశాడు.

"సార్, ముందటికి అందరం నడుపుతం. ఎనుకకు గిట్ల తోలినోన్ని నేనింతవరకు సూడలే. గా అక్షరాలకేంది, ఒక్క పూటల నేర్సుకుంటడు. పోరన్ని పైననే ఉండనియ్యుర్రి."

సారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత పెయింటరును పిలిచి, అద్దం మీద ఆర్ దగ్గర 'ఎనుకకు', డి దగ్గర 'ముందటికి' అని తెలుగులో రాయమన్నాడు. నా వైపు తిరిగి, "పొద్దున ఏడింటికి రా. ఆ కాలు కిందికి దించి కూర్చో," అన్నాడు.

మర్నాడు పైపులు వేసుకుని ఒక్కణ్నే బయలుదేరాను. పది గంటలైందేమో, దారిలో ఎండ అద్దంలోంచి నా చేతుల మీద పడింది. డ్యూటీలో ఉండి ఎండ తగలడం మూడేళ్లలో అదే మొదలు. బండి పక్కకు ఆపాను. సైకిల్ మీద పోతున్న ఒకాయన దిగి, "ఏమన్న ఖరాబైందా అన్న?" అని అడిగాడు.

"ఏం కాలే అన్న," అన్నాను. "ఎండ మంచిగున్నదని ఆగిన."