ఉప్పలగుప్తం రొయ్యలు, ఒక ఐసు పెట్టె

ఉదయం 5.45కి విశాఖలో రైలెక్కాను. ఒళ్లో ఖాళీ థర్మాకోల్ పెట్టె. రొయ్య మొప్పల్లో ఉండే ఒక ఎంజైము మీద నా పరిశోధన. అది కణాల పైపొరలో పాతుకుని ఉంటుంది. సబ్బులాంటి మందుతో దాన్ని బయటికి తీస్తాం. మందు ఎక్కువైతే చుట్టూ ఉన్న కొవ్వు కొట్టుకుపోయి ఎంజైము చచ్చిపోతుంది. అందుకే తక్కువ మందు, ఎంజైము చెదరకుండా కాస్త గ్లిజరిన్, చెరువు నుంచి లాబ్ దాకా చల్లదనం. నేనెక్కడా తప్పలేదు. అయినా రెండుసార్లు చచ్చిన ఎంజైమే వచ్చింది. మూడోసారీ అంతే అయితే అంశం మార్చేస్తానని మా ప్రొఫెసర్ గారు చెప్పేశారు.

నా అనుమానం రొయ్యలిచ్చే సూరిబాబు మీద. అతని రొయ్యల చెరువులు ఒకప్పుడు మా తాతగారి వరిచేలు. అతని తండ్రి మా కౌలుదారు. మేం అమ్ముకున్నాం, వాళ్లు కొనుక్కున్నారు. లాబ్‌లో పెట్టె తెరిస్తే మొప్పలు మెత్తబడి నీళ్లోడుతుండేవి. నిల్వ సరుకు అంటగడుతున్నాడనుకున్నాను.

8.50కి రాజమండ్రి. ఇడ్లీ తిని అమలాపురం బస్సెక్కాను. కొత్తపేటలో దిగాల్సిన పెద్దావిడ నా పెట్టె వైపు చూసి, "ఖాళీదాన్ని అంత గట్టిగా పట్టుకున్నారేటి బాబూ, ఎవరు పట్టికెళ్తారు?" అంది. పట్టు సడలించలేదు.

అమలాపురంలో ఆటో మాట్లాడుకుని ఉప్పలగుప్తం చేరేసరికి పన్నెండు. ఇదివరకు రెండుసార్లూ ఆటో దిగలేదు. తాతగారి గట్టు మీద బేరగాడిలా నిలబడడం నాకు నచ్చలేదు. ఈసారి దిగి సూరిబాబు వెనకే నిలబడ్డాను. వలలో రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. నిల్వవి కావు. వాటిని ఐసులో పేర్చాక అతను సంచిలోంచి గుప్పెడు కళ్లుప్పు తీసి పైన చల్లాడు.

"ఏం కలుపుతున్నారు?"

"ఉప్పండి. కుల్ఫీ బండోళ్లు వేస్తారు కదండీ, చలి పెరుగుద్ది. చల్లగా ఉండాలని మీరు కబురెట్టేరు కదా. వేరేవాళ్లకి వెయ్యనండి. మీకని రెండుసార్లూ నా చేత్తోనే వేసేను."

ఉప్పు పడితే ఐసు చలి మరీ పెరిగి రొయ్య గడ్డకడుతుందనీ, అప్పుడు పొరలు చిట్లుతాయనీ, దారిలో అంతా కరిగి ఆ జాడ కూడా మిగలదనీ చెప్పాను.

"ఆయ్. ఆ ముక్క ముందే చెప్పాల్సిందండి. ఆటో దిగితే కదా చెప్తారు."

పెట్టె కడిగించి, కొత్త ఐసు, కొత్త రొయ్యలు వేయించాను. మూత వేసేదాకా అతని చేతుల మీంచి చూపు తిప్పలేదు.

ఒంటిగంటన్నర బస్సులో పెట్టెను డిక్కీలో పెట్టమన్నారు. ఇవ్వలేదు. రాజమండ్రిలో రైలెక్కి, తుని దాటాక మూత తీశాను. రొయ్యలు గడ్డకట్టలేదు, మెత్తబడనూ లేదు. ఎంజైము బతికుందో లేదో పరీక్షలో తేలడానికి ఇంకా రెండు రోజులుంది. ఇంటి నుంచే రాసి తెచ్చుకున్న చీటీ మీద, ఎప్పటిలాగే, "మా చేను, ఉప్పలగుప్తం" అని ఉంది. అది కొట్టేసి, కింద "సూరిబాబు గారి చెరువు" అని రాసి పెట్టెకి అంటించాను.