చోడవరం మేడమీద దొరికిన మాగ్నెట్రాన్

నేను విశాఖ ఫిషింగ్ హార్బరులో పడవల రాడార్లు, వైర్‌లెస్ సెట్లు బాగుచేసే పని చేస్తాను. ఈమధ్య ఒక పాత రాడార్ విడిభాగం కోసం చోడవరం దాకా వెళ్ళవలసి వచ్చింది. పాత సెట్లనే నమ్ముకున్న పడవలవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

చేపల వేట నిషేధం ముగిశాక అప్పలకొండ అనే సరంగు తన పడవను సముద్రంలోకి తీసుకెళ్ళాడు. వాన ముసురులో ఒక సరుకు ఓడ అతని పడవను రాసుకుంటూ వెళ్ళినంత పని చేసింది. అంత పెద్ద ఓడ రాడార్ తెరమీద చుక్కగానైనా కనిపించలేదు. తిరిగొచ్చాక సెట్టు విప్పి చూస్తే మాగ్నెట్రాన్ చచ్చిపోయి ఉంది. రాడార్ తరంగాలను పుట్టించేది అదే. అది పోతే తెర వెలుగుతూనే ఉంటుంది గాని ఎదురుగా ఏముందో చూపించదు. అప్పలకొండ దాన్ని హార్బరు దగ్గర ఒక షాపులో ఈమధ్యే కొన్నాడు, అదీ కొత్తదని నమ్మి. గోటితో గీకితే పైనున్న రంగు ఊడి పాత తుప్పు బయటపడింది. వెళ్ళి అడిగితే షాపు యజమాని కుర్చీలోంచి కదలకుండానే, "ఆ మోడల్ కంపెనీ ఎప్పుడో ఆపేసిందమ్మా. అదే ఆఖరి పీసు. రాడారే మార్పించెయ్యమని సెప్పండి" అన్నాడు. పడవలో తొమ్మిదిమంది ఉన్నారన్న ధ్యాస ఆ మనిషికి లేనేలేదు.

ఓడల్లో పనిచేసిన మిత్రుడొకరు దారి చూపించారు. చోడవరం దగ్గర మూతపడిన ఒక మెరైన్ శిక్షణ కేంద్రంలో అదే మోడల్ రాడార్ మీద పాఠాలు చెప్పేవారట. దాన్ని నడిపిన మాస్టారు చనిపోయారు. ఆయన భార్య ఎస్తేరమ్మ గారు ఆ ఆవరణలోనే ఉంటున్నారు.

పొద్దున్నే విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం, మగవాళ్ళకు వంద లోపే అవుతుంది. సుమారు రెండు గంటల ప్రయాణం. చోడవరంలో దిగి, ఇడ్లీ తిని, రావికమతం వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

"ఓడల బడికా? అది మూసేసి సానా కాలమైందమ్మా. ఇప్పుడు బెల్లం దిమ్మలు దాస్తన్నారు. అక్కడ మీకేటి పని?" అన్నాడు డ్రైవరు.

"రాడార్ సామాను కావాలి."

"సెరుకు తోటల్లో రాడారేటమ్మా!" అని నవ్వి, గేటు ముందే దింపాడు.

ఎస్తేరమ్మ గారు వరండాలోంచి లేచి వచ్చారు. రాడార్ అన్న మాట వినగానే ఆవిడ మొహం మారిపోయింది. "ఆ పాఠాల గదిలోకి ఎల్లకండమ్మా. జబ్బు సేస్తది" అన్నారు.

"ఎవరు చెప్పారండీ?"

"వ్యానేసుకుని ఇద్దరొచ్చేరు. బీరువాలో మాగ్నెట్రాన్లు, మూడు కొత్త పెట్టెలుంటే సూసి, ఇందులో రేడియేషన్ ఉంది, మీ ఆయన దీనివల్లే పోయేడు, మీ మనవల్ని రానివ్వకండి అన్నారు. వ్యాను కిరాయి కూడా నా దగ్గరే తీసుకుని పట్టుకుపోయేరు. ఆయన వాటిని పసిపిల్లల్లా సూసుకునేవోడమ్మా. ముందే అవతల పారేయించుంటే బతికేవోడు కదా అని ఏడవని రోజు లేదు. పిల్లల్ని కూడా రానివ్వటం లేదు."

ఆ ఆవరణలో బెల్లం దాచుకునే వ్యాపారి అక్కడే ఉన్నాడు. ఆ వ్యాను మీద రాసిన పేరు తను చదివానని చెప్పాడు. అప్పలకొండకు రంగు పూసిన తుప్పు అంటగట్టిన షాపు పేరే అది. కొత్త సరుకు గోదాములో దాచుకుని, దొరకదని మాకు చెప్పాడు. రేపు ఇంకా ఎక్కువ ధర పలుకుతుందని. దొంగతనం చేసినా ఇంత కోపం వచ్చేది కాదేమో. మొగుడు పోయిన మనిషితో ఆ మాట అనడానికి వాళ్ళకు నోరెలా వచ్చింది?

"అమ్మా, కరెంటు ఇవ్వకపోతే మాగ్నెట్రాన్‌లోంచి ఏ కిరణాలూ రావు. అవి పెట్టెల్లో పడున్న విడిభాగాలు. నేను రోజూ చేతులతో పట్టుకుంటాను. మాస్టారు వాటివల్ల పోలేదు" అన్నాను. ఆవిడ నమ్మీ నమ్మనట్టు చూశారు.

అప్పుడు మేడమీద, ఒకప్పుడు తిరిగిన రాడార్ యాంటెన్నా కనిపించింది. ఈ మోడల్‌లో మాగ్నెట్రాన్ ఉండే ట్రాన్స్‌మిటర్ దాని కింది పెట్టెలోనే ఉంటుంది. వ్యానులో వచ్చిన ఆ ఘనులకు ఈ సంగతి తట్టలేదు. మెట్లెక్కి, తుప్పుపట్టిన మరలకు కిరసనాయిలు వేసి, మూత విప్పాను. రబ్బరు పట్టీ చెక్కుచెదరలేదు. లోపల చుక్క తడి లేదు. పాఠాల కోసం అప్పుడప్పుడూ తిప్పిన సెట్టు కాబట్టి మాగ్నెట్రాన్ అరగలేదు. దాన్ని బయటికి తీసేసరికి ఎస్తేరమ్మ గారు నా వెనకే మేడెక్కి వచ్చి ఉన్నారు. చెయ్యి చాపారు. దాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకున్నారు.

"మనవల్ని రమ్మని ఫోన్ సేస్తాను" అన్నారు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "రేపు నేనూ వస్తన్నాను. ఆ షాపు సూపించు" అన్నారు.

మర్నాడు ముందుగా అప్పలకొండ పడవలో మాగ్నెట్రాన్ బిగించాను. సెట్టు వేడెక్కాక, తరంగాలు పంపే ట్రాన్స్‌మిట్ మీట నొక్కితే హార్బరు గోడ, అవతల లంగరేసిన ఓడలు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చాయి. అప్పలకొండ ఎస్తేరమ్మ గారికి దండం పెట్టాడు. తర్వాత పడవ వాళ్ళందరం ఆవిడ వెంట షాపుకి వెళ్ళాం. యజమాని ముందు ఆ వ్యాను తనది కాదన్నాడు. గుమ్మం ముందు జనం పెరిగాక రెండు పెట్టెలు తెచ్చి బల్లమీద పెట్టాడు. మూడోది అమ్మేశానన్నాడు.

"పెట్టెల సంగతి తరవాత. మా ఆయన దీనివల్లే పోయేడన్నారు కదా, అది అబద్ధమని సెప్పు" అన్నారు ఎస్తేరమ్మ గారు.

అతను తల దించుకుని బిల్లు పుస్తకం తిప్పసాగాడు. ఆవిడ, "అయితే నేనే సెప్తాను" అని ఆ రెండు పెట్టెలూ తీసుకుని బయటికి వచ్చి, గుమ్మం ముందున్న జనానికి జరిగిందంతా మొదటినుంచి చెప్పారు.

'ఇక దొరకదు' అన్న ఒక్క మాటతో ఎంతమంది బతుకుతున్నారో ఈ ప్రయాణంలో తెలిసింది. తయారీ ఆపెయ్యడం కంపెనీ ఇష్టం. ఉన్నదాన్ని దాచి, చచ్చినదానికి రంగు పూసి, దొరకదన్న భయాన్నే సరుకుగా అమ్మడం మాత్రం వేరే సంగతి. ఆ షాపు ఇవాళ కూడా తెరిచే ఉంది. కానీ మా జెట్టీలో ఇప్పుడు ఎవరూ దాని మెట్లు ఎక్కడం లేదు. ఎస్తేరమ్మ గారి ఇంట్లో మాత్రం పిల్లలు మళ్ళీ మేడమీద ఆడుకుంటున్నారు.

మీరూ ఇలా పాత మాగ్నెట్రాన్ సంపాదిస్తే ఒక్క జాగ్రత్త తీసుకోండి. బిగించగానే ట్రాన్స్‌మిట్ నొక్కకండి. కనీసం అరగంట స్టాండ్‌బైలో, అంటే తరంగాలు పంపకుండా, వేడెక్కనివ్వండి. తొందరపడితే ఏళ్ళతరబడి పదిలంగా ఉన్న వస్తువును ఒక్క క్షణంలో మనమే కాల్చుకుంటాం.